తెర

విమానం గొప్ప సమదర్శి. దానిలో ఎక్కినవారందరూ ఒకే గడియలో నేల విడుస్తారు. ఒకే గడియలో నేల చేరుతారు. పది రెట్లు రుసుము చెల్లించినవాడు పది నిమిషాలు ముందుగా గమ్యం చేరడు. రైలులోనూ ఇంతే గదా అని ఎవరైనా అనవచ్చు. కాని రైలులో తరగతి ఏదైనా దారి అందరిదీ. స్టేషనులో దిగి టీ తాగవచ్చు. గోదావరి వంతెన మీద నీటిలోకి నాణెం విసరవచ్చు. ముప్పైఐదు వేల అడుగుల ఎత్తున దారి అనేది కంటికి ఆనని వస్తువు. కనుక విమాన సంస్థలు హెచ్చు తగ్గులుగా అమ్ముకోదగినవి రెండే మిగిలినాయి: ఒకటి చోటు, రెండవది కాలాన్ని మరపించే సాధనం. జెట్ విమానపు లోపలి చరిత్ర అంతా ఈ రెంటి మధ్య జరిగిన బేరమే అని నాకు తోస్తుంది.

మొదటి జెట్ల కాలంలో ఈ బేరం ఇంకా మొదలు కాలేదు. 1960లో ఎయిర్ ఇండియా వారు బోయింగ్ 707ను ప్రవేశపెట్టినప్పుడు వేగమే వినోదం. ఓడలో వారాలు పట్టే ప్రయాణం గంటలలోకి దిగినది. ఇక వేరే కాలక్షేపం ఎందుకు? 1970 జనవరిలో పాన్ అమెరికన్ సంస్థ న్యూయార్కు, లండన్ల మధ్య బోయింగ్ 747ను నడపడంతో చోటు వినోదమైనది. రెండు నడవలు, నిటారుగా నిలిచిన గోడలు, మేడ మీద ఒక గది, అక్కడికి మెలికల మెట్లు: ఇది వాహనమా, భవనమా అని జనం విస్తుపోయినారు. మరుసటి ఏడు ఆ విమానం మన దేశానికి వచ్చినప్పుడు ఎయిర్ ఇండియా వారు దాని కిటికీల చుట్టూ వెలుపలి వైపున రాజస్థానపు ఝరోకాలను చిత్రింపజేసినారు. లోపల కూర్చున్నవారికి ఆ చిత్రాలు కనిపించవు. అయినా తాను కూర్చున్నది గవాక్షం దగ్గర అన్న భావన ప్రయాణికుడికి కలుగుతుంది. మనిషి తల ఎత్తుకొని కూర్చోవడానికి ఒక్కొక్కప్పుడు అంతమాత్రం చాలు.

వినోదానికి తెర అంతకు ముందే వచ్చినది. 1921లో చికాగో నగరం మీద విహరించిన ఒక విమానంలో ప్రయాణికులకు చలనచిత్రం చూపినారు. ఆ చిత్రం చికాగో నగరాన్ని గురించినదే. కిటికీలోనుండి చూస్తే అసలు నగరమే కనిపిస్తున్నప్పుడు దాని బొమ్మను తెర మీద చూపిన ఆ మహాశయులు, రాబోయే నూరేళ్ళ తత్త్వాన్ని తెలియకనే చెప్పినారు. 1925లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు ‘ది లాస్ట్ వరల్డ్’ అనే మూకచిత్రాన్ని గాలిలో ప్రదర్శించినారు. 1961లో అమెరికాకు చెందిన టీడబ్ల్యూఏ సంస్థ మొదటి తరగతి వారికి క్రమంగా చిత్రాలు చూపడం ఆరంభించినది. అనంతరం ఇతర తరగతులకూ ఆ భాగ్యం దక్కినది. ముందు గోడకు ఒక తెర. చెవులకు వైద్యుడి స్టెతస్కోపు వంటి బోలు గొట్టాలు. విద్యుత్తు చెవి దాకా రాదు. శబ్దమే గొట్టంలో నడిచి వస్తుంది.

ఆ ఉమ్మడి తెరలో లోపాలు లేకపోలేదు. ఎదుటి పొడగరి తల అడ్డం వచ్చేది. చిత్రం నచ్చినా నచ్చకపోయినా అదే గతి. కాని గొట్టాలు పెట్టుకొని మౌనంగా ఉన్న రెండు వందల మంది ఒకే క్షణంలో పకాలున నవ్వడం ఆ తెర చేసిన మేలు. తోలుబొమ్మలాట చూచే ఊరిజనం వలె, తెలియనివారందరూ ఆ కొద్దిసేపు ఒక సభ అయ్యేవారు.

1988లో నార్త్‌వెస్ట్ సంస్థ 747లో కుర్చీల వీపులకు ఒక్కొక్క చిన్న తెరను అమర్చి పరీక్షించినది. ఆ తెర కర్ణం 2.7 అంగుళాలు; తమలపాకంత కూడా లేదు. అయినా సభ అక్కడితో చెదిరిపోయినది. ఎవరి బొమ్మ వారిది, ఎవరి నవ్వు వారిది. తరువాతి పదిపదిహేనేళ్ళలో ఖండాంతర విమానాలలో ఈ ఏర్పాటు వ్యాపించినది. 2007 అక్టోబరులో సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారు రెండంతస్తుల ఎయిర్‌బస్ ఎ380ను సిడ్నీకి నడిపే నాటికి, చివరి తరగతి ప్రయాణికుడి ముందు కూడా పుస్తకమంత తెర వెలుగుతున్నది. దానిలో వందలాది చిత్రాలు, పాటలు, ఆటలు.

తెర ఇట్లా పెరుగుతుండగా మరొకటి తరిగినది. 1970ల ప్రాంతంలో ఎకానమీ తరగతిలో ఒక వరుసకూ మరొక వరుసకూ మధ్య 34 అంగుళాల దూరం సామాన్యం. నేడు చాలా సంస్థలలో అది 30, 31. చౌక విమానాలలో 28, 29. అడ్డం కొలతా అంతే. 1995లో సేవకు వచ్చిన బోయింగ్ 777లో వరుసకు తొమ్మిది కుర్చీలు వేసేవారు. నేడు అనేక సంస్థలు అదే వెడల్పులో పది ఇరికిస్తున్నాయి. బోయింగ్ 787ను రూపొందించేటప్పుడు వరుసకు ఎనిమిది అనుకున్నారు, తొమ్మిది మామూలైపోయినది. జపాన్ ఎయిర్‌లైన్స్ వంటి ఒకరిద్దరే విదేశీ మార్గాలలో ఎనిమిదికి కట్టుబడినారు. కనుక విమానం పేరు చూచి సుఖాన్ని అంచనా కట్టరాదు. తయారు చేసేవారు గొట్టాన్ని మాత్రమే ఇస్తారు; దానిలో మనుషులను ఎట్లా పేర్చాలో కొనేవారి ఇష్టం. పైగా ఆ తెరలకు పనిచేసే యంత్రపు పెట్టె కొన్ని విమానాలలో ఏదో ఒక కుర్చీ కింద ఉంటుంది. ఆ కుర్చీ వెనుకవాడు వినోదానికి అద్దెగా తన పాదాల చోటునే చెల్లిస్తున్నాడన్న మాట.

ఈ బేరం ఎంత నేర్పుగా జరిగిందో ఒకసారి కళ్ళారా చూచినాను. ఏ సంస్థయో చెప్పనక్కరలేదు. తొమ్మిది గంటల ప్రయాణం. మా వైపు నాలుగు వరుసల తెరలు వెలగలేదు. అరగంటలో పరిచారిక పది చోట్లకు పోయి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చినది. ఒకాయన తన సొమ్ము తిరిగి ఇవ్వవలెనన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మోకాళ్ళు ముందు కుర్చీకి నొక్కుకొని ఉన్నాయి. భుజం పక్కవాడి భుజం మీద ఉన్నది. వాటిని గురించి ఆయన గాని, మేము గాని ఒక్క మాట అనలేదు. పోగొట్టుకున్న అంగుళాలు మాకు జ్ఞాపకమే లేవు. పోగొట్టుకున్న చిత్రం మాత్రం హక్కు వలె తోచినది.

అయితే న్యాయం చెప్పవలె. ఆ అంగుళాలు తగ్గినందువల్లనే రుసుము కూడా తగ్గినది. ఝరోకాల విమానంలో కూర్చోగలిగినవారెందరు? నేడు కూలి పనికి పోయేవాడు కూడా విమానమెక్కి పోతున్నాడు. ఇరుకుగానైనా లోపల ఉండడం, విశాలంగా బయట నిలిచి చూడడం కంటె మేలే. నా అభ్యంతరం ఇరుకును గురించి కాదు. ఆ ఇరుకును మనం గమనించకుండా మన చూపును మరల్చే ఏర్పాటును గురించి.

కంటికి కనిపించని భేదాలు మరికొన్ని ఉన్నాయి. పాత లోహపు విమానాలలో లోపలి గాలి ఎనిమిది వేల అడుగుల కొండ మీది గాలి అంత పలుచగా ఉండవచ్చు. 2011లో సేవకు వచ్చిన 787 దేహం కర్బన తంతువులతో చేసినది కనుక హెచ్చు ఒత్తిడిని తట్టుకుంటుంది. అందువల్ల లోపల ఆరు వేల అడుగుల గాలి ఉంచగలుగుతారు. ఎ350 కూడా అట్లాంటిదే. దిగినప్పుడు తలనొప్పి తక్కువగా ఉంటే ఆ పుణ్యం ఈ రెండు వేల అడుగులదే కావచ్చు. ఈ మేలులో తరగతి భేదం లేదు. గాలిని అంగుళాల లెక్కన విడదీసి అమ్మే ఉపాయం ఇంకా ఎవరికీ తోచలేదు. ఆ 787 కిటికీలు పెద్దవి. వాటికి రెప్పలు లేవు. మీట నొక్కితే అద్దమే నీలంగా నల్లబడుతుంది. కాని పరిచారికలు ఒక్క మీటతో అన్ని కిటికీలనూ నల్లబరచగలరు. బయట నడిమింటి సూర్యుడు హిమశిఖరాల మీద వెలుగుతున్నా లోపల అర్ధరాత్రి. ఆ చీకటిలో వందల తెరలు మిణుకు మిణుకుమంటాయి. కిటికీని పెద్దది చేసిన శాస్త్రమే దానిని మూసే అధికారాన్ని మన చేతినుండి కొంత తీసుకున్నది.

వినోదానికి మూల్యం ఒక్కొక్కప్పుడు ఘోరంగా ఉండవచ్చు. 1998 సెప్టెంబరు 2న న్యూయార్కు నుండి జెనీవాకు బయలుదేరిన స్విస్‌ఎయిర్ 111 విమానం కెనడా తీరాన సముద్రంలో కూలి, అందులోని 229 మందీ మరణించినారు. పైకప్పు వెనుక తీగలలో మెరుపు పుట్టి, సులభంగా అంటుకునే పొరకు నిప్పు పాకినట్లు విచారణలో తేలినది. ప్రయాణికుల వినోదయంత్రాలకు విద్యుత్తు అందించే తీగ మీద అట్టి మెరుపు గుర్తు దొరికినది; కాని అదే మొదటిదని రూఢిగా చెప్పలేకపోయినారు. ఆ సంస్థ తన తక్కిన విమానాలలోని ఆ యంత్రాలకు విద్యుత్తు ఆపివేసినది. తెర వెనుక తీగ ఉంటుందనీ, తీగలో నిప్పు ఉంటుందనీ అంతకు ముందు ఎవరు తలచినారు?

తెర అనే మాటకు మనకు మరొక అర్థం కూడా ఉన్నది. వీధి భాగవతంలో ఇద్దరు మనుషులు పట్టుకొని నిలిచే గుడ్డ కూడా తెరే. విమానంలో బిజినెస్ తరగతికీ ఎకానమీ తరగతికీ మధ్య అట్లాంటి గుడ్డ ఒకటి వేలాడుతూ ఉంటుంది. 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారు బిజినెస్ తరగతిలో పూర్తిగా వాలి పడక అయ్యే కుర్చీని ప్రవేశపెట్టినప్పటినుండి, ఆ గుడ్డకు ముందు మనుషులు పడుకుంటారు. వెనుక మనుషులు కూర్చుంటారు. 2008లో ఎమిరేట్స్ వారి ఎ380లో మొదటి తరగతి వారికి స్నానపు గది కూడా అమరినది. ఒక తెర దాస్తుంది. మరొక తెర చూపుతుంది. కాని రెంటి పనీ ఒకటే: ఆ పక్క ఏమున్నదో మనకు తలపుకు రాకుండా చేయడం.

హైదరాబాదు నుండి దుబాయికి పోయే రాత్రి విమానాలలో ఈ మాట నాకు పదే పదే జ్ఞాపకం వస్తుంది. వెనుక వరుసలలో సగం మంది కరీంనగరం, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల యువకులు. చేతిలో ప్లాస్టిక్ సంచి. దానిలో పాస్‌పోర్టు, వీసా కాగితం. ఒకసారి నా పక్కన నడిమి కుర్చీలో అట్లాంటివాడొకడు కూర్చున్నాడు. అతని ముందు తెరలో హిందీ, మలయాళం, తమిళం, తెలుగు చిత్రాలు వరుసగా ఉన్నాయి. వాటిని చేరడానికి ముందు ఆంగ్లంలో నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పవలె. నేను తెలుగు చిత్రాల పట్టిక తెరచి ఇచ్చినాను. అతడు తల అడ్డంగా ఊపి, విమానం దారి చూపే పటం పెట్టమన్నాడు.

పటం వచ్చినది. హైదరాబాదు, ముంబయి, మస్కట్, దుబాయి. అతడు కొంతసేపు వెదకి, ‘‘అన్నా, గిండ్ల మా ఊరు కనవడ్తదా?’’ అన్నాడు.

‘‘ఏ ఊరు తమ్ముడూ?’’

‘‘జగిత్యాల అవుతల.’’

అంత చిన్న ఊళ్ళు దీనిలో ఉండవని చెప్పినాను. విమానపు బొమ్మ ఆ పటంలో మూడు నాలుగు జిల్లాలను కప్పుతూ కదులుతున్నది. అతడు దానినే చూస్తూ, ‘‘గింత పెద్ద ఇమానం బొమ్మేసిండ్రు, మా ఊరి పేరు రాసెటందుకు జాగ దొర్కలేదా?’’ అన్నాడు.

పిదప హైదరాబాదుకు ఎగువన ఒక చోట వేలు పెట్టి ఉంచినాడు. తెర దానిని ఆజ్ఞ అనుకొని పటాన్ని పెద్దది చేసినది. ఆ చోట పేర్లేమీ లేని ఆకుపచ్చ రంగు పరచుకున్నది. అతడు వేలు తీయలేదు. సుమారు నాలుగు గంటల ప్రయాణంలో ఏ చిత్రమూ చూడలేదు. వందల చిత్రాలున్న ఆ తెరలో అతనికి కావలసినది ఒక్క పేరు, అది లేదు. ఎవరికి ఎంత జాగ అన్న ప్రశ్నను మోకాళ్ళతో గాక పటంతో అడిగినవాణ్ణి నేను అతణ్ణి ఒక్కణ్ణే చూచినాను.

మన దేశంలోపల తిరిగే విమానాల కథ వేరు. 2005లో ఆరంభమైన కింగ్‌ఫిషర్ సంస్థ గంటన్నర ప్రయాణానికి కూడా కుర్చీ కుర్చీకీ తెర అమర్చినది. 2012లో ఆ సంస్థ విమానాలు ఆగిపోయినాయి. 2006లో మొదలైన ఇండిగో తెర లేకుండా నడిచి, దేశంలో అన్నిటికంటె పెద్దదైనది. ప్రతి తెరకూ బరువున్నది. ప్రతి బరువుకూ ఇంధనం కావలె. పైగా నేడు ప్రయాణికుడు తన తెరను తానే జేబులో తెచ్చుకుంటున్నాడు. అందువల్ల ముందు కుర్చీ వీపు మళ్ళీ వట్టి వీపైనది: ఒక మడత బల్ల, ఒక సంచి, ఆపద వేళ ఏమి చేయవలెనో బొమ్మలతో చెప్పే అట్ట. చోటు మాత్రం తిరిగి రాలేదు. బేరంలో మనకిచ్చిన వస్తువును మన చేతనే మోయించి, మననుండి పుచ్చుకున్నదానిని మాత్రం వారే ఉంచుకున్నారు.

కాని తెరలున్న విమానంలో కూడా అందరూ ఒకే చిత్రం చూచే వేళ ఒకటి నేటికీ ఉన్నది. విమానం కదలబోయే ముందు ప్రతి తెర మీదా ఒకే బొమ్మ నడుస్తుంది: నడుముపట్టీ ఎట్లా బిగించవలెనో, ప్రాణవాయువు ముసుగు ఎట్లా తొడగవలెనో, ద్వారాలు ఎక్కడున్నవో. దానిని ఆపడానికి ఎవరికీ వీలు లేదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తరగతుల మధ్య గుడ్డ తెరను పక్కకు లాగి కట్టివేయవలెనని నియమం. కిటికీలు తెరవమంటారు, పడకలను నిలబెట్టి కుర్చీలు చేయమంటారు. ప్రాణానికి అపాయం రాగల ఆ కొద్ది నిమిషాలలో విమానం ముందు కొసనుండి వెనుక కొస దాకా ఒకే గదిగా కనిపిస్తుంది. మొదటి వరుసవాడు వెనుకకు తిరిగి చూస్తే చివరి వరుసవాడు కనిపిస్తాడు. చక్రాలు నేల విడిచి ఆపద గడవగానే, పరిచారిక లేచి వచ్చి మొట్టమొదట చేసే పనులలో ఒకటి ఆ తెరను మళ్ళీ దించడం.