ఎండ్రకాయల చదువు

మేము వాగు పక్కన పెరిగిన కోయ పిల్లలం. ఎండాకాలం నీళ్లు సన్నబడగానే రాళ్లెత్తి ఎండ్రకాయలు పట్టేవాళ్లం. పట్టినదాన్ని వెల్లకిలా తిప్పి చూడందే బుట్టలో వెయ్యనిచ్చేది కాదు మా అవ్వ. పొట్టకింద మడతలో గుడ్లో పిల్లలో కనిపిస్తే "తల్లిరా అది, ఇడిసిపెట్టు" అనేది. ఇడిసిపెట్టేవాళ్లం. డెక్క ఊడిన ఎండ్రకాయకు మళ్లీ చిన్న డెక్క మొలవడం కూడా అక్కడే చూశాం.

హాస్టల్ బడిలో ఆ సంగతి చెప్పబోతే, "ఎండ్రకాయలు ఏరుకునేవాళ్లకు సైన్సెందుకురా" అన్నాడు సారు. క్లాసంతా నవ్వింది. సిగ్గుతో మేమూ నవ్వాం. మాకు తెలిసింది చదువు కాదేమో అనుకున్నాం. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాం.

మొన్న సెలవులకు, జువాలజీ చదివే మా ఊరి పిల్ల వచ్చి ఒక కబురు చెప్పింది. 1997లో అమెరికాలోని షికాగోలో, షెడ్ అక్వేరియం నీళ్లు వడకట్టే చోట దొరికిన ఒక చిన్న జీవిని శాస్త్రవేత్తలు తెచ్చి పెంచారట. పేరు పార్హయేల్. వేలిగోరంత ఉంటుంది. ఎండ్రకాయకు, రొయ్యకు దూరపు చుట్టం. ఇదీ గుడ్లను పొట్టకింద సంచిలోనే మోస్తుంది. గుడ్డు ఎనిమిది కణాలయ్యేసరికే ఏ కణం నుంచి ఏ భాగం రావాలో నిర్ణయమైపోతుందట.

దాని కాళ్లన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని పట్టుకోవడానికి, కొన్ని నడవడానికి, కొన్ని ఈదడానికి. 2016లో క్రిస్పర్ పద్ధతితో ఒక జన్యువును పనిచేయకుండా చేస్తే, ఈత కాళ్లు రావాల్సిన చోట నడక కాళ్లు వచ్చాయట. అదే కుటుంబం జన్యువులు ఈగలో ఉన్నాయి, మనలోనూ ఉన్నాయి. కాళ్లు తీరుతీరుగా ఎలా మారుతూ వచ్చాయో ఇలాంటి పరీక్షలతోనే తెలుస్తుంది. తెగిన కాలు ఎలా మొలుస్తుందో కూడా సూక్ష్మదర్శిని కింద చూస్తున్నారు. ఇంకో మాట: దాని జన్యు రాతలో సుమారు 360 కోట్ల అక్షరాలు. మనిషిది సుమారు 310 కోట్లు. ఇక ఎవరిని తక్కువ జీవి అనాలి?

"గుడ్లు తీశాక తల్లిని ఏం చేస్తారు?" అని అడిగాం. లవంగ నూనె కలిపిన నీళ్లలో మత్తులో ఉంచి, మెల్లగా గుడ్లు తీసి, మళ్లీ నీళ్లలో విడుస్తారట. అవ్వ బతికుంటే ఆ మాట విని తలూపేది.

సముద్రపు పీత పిల్ల గుడ్డులోంచి వేరే రూపంలో వస్తుంది. మా వాగు ఎండ్రకాయ పిల్ల మాత్రం అన్ని కాళ్లతో, తల్లి రూపంతోనే వస్తుంది. అవ్వ చూపించింది మేం కళ్లారా చూశాం, కానీ ఎక్కడా రాసుకోలేదు. ఈ ఎండాకాలం బుట్టతోపాటు ఒక నోటుబుక్కు కూడా వాగుకు తీసుకెళ్లమని పిల్లలకు చెప్పాం. తల్లి ఏ నెలలో కనిపించింది, ఊడిన డెక్క ఎంత మొలిచింది, అన్నీ రాయమన్నాం. సారు అడిగినదానికి ఆనాడు మేం జవాబు చెప్పలేదు. ఇప్పుడు పిల్లలు రాస్తున్నారు.