ఎద్దు బలం ఎవరి మీద వెయ్యాలి?

ఆదివారం రాత్రుళ్లు హాస్టల్లో మేం ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ గురించి కొందరు అడిగారు. ఆట మొత్తం ఇంకోసారి రాస్తాం. ఇవాళ మా మధ్య నెల రోజులుగా తెగని తగువు ఒక్కటే: శక్తి పెంచే మంత్రాలు.

ఆటలో ఒక్కో పాత్రకి బలం, చురుకు, ఓర్పు లాంటి ఆరు అంకెలుంటాయి. 20 ముఖాల పాచిక వేసి, ఆ అంకెని బట్టి వచ్చే బోనస్ కలిపి, పని కష్టానికి పెట్టిన సంఖ్యని అందుకోవాలి.

2000లో వచ్చిన మూడో ఎడిషన్లో 'బుల్స్ స్ట్రెంగ్త్', అంటే ఎద్దు బలం, మంత్రగాడి స్థాయికి గంట చొప్పున ఉండేది. ఎనిమిదో స్థాయి వాడికి ఎనిమిది గంటలు! పొద్దున్నే పళ్లు తోముకున్నట్టు మంత్రం వేసుకుని బయల్దేరడమే. 2003లో 3.5 ఎడిషన్ ఆ గంటల్ని నిమిషాలు చేసి, పెంపుని 4 దగ్గర ఆపింది. లెక్క సూటిగా ఉంటుందని మా సీనియర్ అన్నకి ఇప్పటికీ అదే ఇష్టం.

2014 నాటి ఐదో ఎడిషన్లో అంకె పెరగదు. 'ఎన్‌హాన్స్ ఎబిలిటీ' వేస్తే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు. గంట దాకా ఉంటుంది గానీ వేసినవాడి ధ్యాస చెదిరితే పోతుంది. కత్తి దెబ్బకి పనికిరాదు.

మా గుంపులో ఫస్టియర్ చెల్లి ఒకామె ఉంది. నలుగురిలో నోరు విప్పదు. ఆమె పాత్ర కొండలెక్కే యోధురాలు, బలం 16, బోనస్ 3. మా మంత్రగాడి బలం 8, అంటే ఒకటి తరుగు. 15 కావాల్సిన గోడని ఆమె నూటికి 45 సార్లు ఎక్కుతుంది, వాడు 25. పాత పద్ధతిలో 4 పెంచితే ఇద్దరికీ తలా పది కలుస్తాయి, ఎవరి మీద వేసినా ఒకటే. కొత్త మంత్రం వాడు తన మీద వేసుకుంటే సుమారు 44, ఆమె మీద వేస్తే 70. గోడ రాగానే ఇప్పుడు అందరూ చెల్లి వైపే చూస్తున్నారు. మా ఓటు కొత్తదానికి పడింది అందుకే.

పక్క రూమ్ కుర్రాడొకడు "మీకు ఆటలో కూడా అదనపు మార్కులేనా" అన్నాడు. మేం వాదించలేదు. మంత్రగాడి కాగితం వాడి చేతికిచ్చి, 20 కావాల్సిన గోడ ముందు నిలబెట్టి, మంత్రం వేశాం. రెండు పాచికలూ ఇరవై పడినా పందొమ్మిదే కదా!

ఇంకా తెగనిది 'గైడెన్స్'. చిన్న మంత్రం, ఎన్నిసార్లైనా వెయ్యొచ్చు, నాలుగు ముఖాల పాచిక అదనంగా కలుస్తుంది. తలుపు తట్టినా ఎవడో ఒకడు "గైడెన్స్!" అని అరుస్తాడు. విసుగొచ్చి ఒక రూలు పెట్టుకున్నాం: పాచిక చేతిలోంచి జారకముందే చెప్పాలి. పైగా ముట్టుకుంటేనే పనిచేసే మంత్రం అది. కొండ మధ్యలో ఉన్న మనిషిని కింద నిలబడి ఎలా ముట్టుకుంటాడు? పోయిన ఆదివారం దీనిమీద పది నిమిషాలు గొడవైంది. చివరికి చెల్లే తేల్చింది: "అన్నా, తాడు పట్టుకుంటే నన్ను ముట్టుకున్నట్టు కాదు."