సంగీత పాఠమున ప్రశ్న

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు ప్రశ్న లడుగు పద్ధతిని శ్రద్ధగా నేర్పిరి. అది నలువదిమంది కూర్చుండు తరగతికి దగినది. ఒకడు చెప్పలేకున్న మఱియొకడు చెప్పును. ఒక్క శిష్యునికే చెప్పు సంగీత పాఠమున నట్లు గాదు. అచట గురువు, శిష్యుడు, నడుమ శ్రుతిపెట్టె మాత్రమే యుందురు.

మన పల్నాటి బాలబాలికలు పెద్దలయెడ వినయము గలవారు. “తెలిసినదా?” యనిన “తెలిసినదండీ” యందురు. తెలియకున్నను అదే మాట. ఇది మర్యాదయే గాని సంభాషణము గాదు.

మా పాఠశాలలో నొక బాలిక మాయామాళవగౌళ సరళీస్వరములు నేర్చుచుండెను. ఆ రాగమున శుద్ధరిషభము షడ్జమునకు మిక్కిలి చేరువ. ఆమె దానిని కొంచెము పైకెత్తి పాడుచుండెను. క్రొత్తగా వచ్చిన సంగీతోపాధ్యాయుడు “తప్పు, మరల పాడుము” అని పదిమాఱులు పాడించెను. ఆమె గొంతు వణకెను. మఱునాడు రాలేదు, రెండవనాడును రాలేదు. ఇంటికి కబురంపి పిలిపించితిమి. ఈమాఱు ఉపాధ్యాయుడు రిషభమును తానే రెండు విధముల పాడి, “వీనిలో షడ్జము నానుకొని యున్న దేది?” యని యడిగి యూరకుండెను. ఆ యూరకుండుటయే కష్టము. ఉపాధ్యాయులకు నోరు మూసికొనుట యెవరు నేర్పుదురు? కొంతసేపటికి “రెండవదండీ” యనెను. “మఱి నీది?” పాడి చూచుకొని, “మొదటిదాని వలె నున్నదండీ” యని తానే దిద్దుకొనెను.

“బాగున్నదా?” యనుట వ్యర్థప్రశ్న. “ఊపిరి యెచట తీసికొంటివి?” యనినచో శిష్యుడు మరల పాడి చూడక చెప్పలేడు. అట్టి ప్రశ్నలను పుస్తకము చూచి వల్లించుటవలన లాభము లేదు. శిష్యుని పాట విన్న పిదపనే యవి పుట్టవలెను. తాళము తప్పునప్పుడు మాత్రము మాటలు వలదు, చేతితో తాళము వేయుటయే మేలు.

సంభాషణమునకు మాటలే యక్కఱలేదు. నాదస్వరము నూదు శిష్యుని నోట పీక యుండును. ఇక నెట్లు బదులు చెప్పును? గురువు ఒక సంగతి పలికించును, శిష్యుడు వాద్యముతోనే యందుకొనును. అతడు జారిన చోటు విని గురువు తరువాతి సంగతి నెన్నుకొనును. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) తండ్రియొద్దను, మన చిలకలూరిపేట ఆదం సాహెబు యొద్దను ఈ విద్య నభ్యసించి, తంజావూరు బాణీకై నాచ్చియార్‌కోయిల్ వఱకు వెళ్లిరి. 1977లో వారికి పద్మశ్రీ వచ్చినది.

శిష్యులను మాటలాడనిచ్చిన గురువునకు లోకువ యగునని కొందఱు పెద్ద లందురు. మా కట్లు తోచదు. ఆ బాలిక మొన్న తానే యడిగెను: “మాస్టరుగారూ, హార్మోనియము మెట్టు మీది రిషభమును, మీరు పాడునదియు ఒక్కటేనా అండీ?” ఆయన వెంటనే బదులు చెప్పలేదు. హార్మోనియము మూసి, శ్రుతిపెట్టె నొక్కదానినే యుంచి, యిద్దఱును వినుచు కూర్చుండిరి.