సర్వర్‌ను చెడగొట్టనిస్తారా? ఫీజు కట్టే ముందు అడగాల్సిన మాట



డిగ్రీ, బీటెక్ అయిపోయి "హైదరాబాద్ వస్తే ఏ కోర్సు చేయాలన్నా?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు మేం నలుగురం ఒక్కచోట రాస్తున్నాం. మాలో ఇద్దరం ఉట్నూరు వైపు గోండులం, ఒకరు మణుగూరు దగ్గరి కోయ, ఒక చెల్లె దేవరకొండ వైపు తండా నుంచి వచ్చింది. మేం నేర్చుకున్నది జావా అప్లికేషన్ సర్వర్ అడ్మిన్ పని. ఇందులో ప్రోగ్రాములు రాసేది పెద్దగా ఉండదు. వేరేవాళ్లు రాసిన జావా ప్రోగ్రాము రాత్రీపగలూ ఆగకుండా నడిచేటట్టు చూసుకోవాలి. ఆగితే ఎందుకు ఆగిందో పట్టుకోవాలి.

ఇది ఐటీడీఏ ఆఫీసు లెక్కన అర్థం చేసుకోండి. దర్బార్ రోజు జనం అర్జీలు పట్టుకుని వస్తారు. లోపల గుమస్తాలుంటారు, వాళ్లే థ్రెడ్లు. రికార్డులుండే గది డేటాబేస్. ఆ గదికి తాళంచెవులు కొన్నే ఉంటాయి, అవే కనెక్షన్లు. వెబ్‌లాజిక్‌లో మనం ఏమీ మార్చకపోతే ఒక్కో డేటా సోర్స్‌కు ఎక్కువలో ఎక్కువ 15 కనెక్షన్లు. తాళంచెవి తీసుకున్న గుమస్తా దాన్ని తిరిగి పెట్టకపోతే? అట్లా పదిహేనూ పోతే పదహారో మనిషి కాసేపు చూసి ఉత్త చేతులతో వెనక్కి వస్తాడు. బయట లైను పెరుగుతూనే ఉంటుంది. ఒకే పని మీద 600 సెకన్లు దాటి కూర్చున్న థ్రెడ్‌ను వెబ్‌లాజిక్ 'స్టక్' అని లాగ్‌లో రాస్తుంది. ఆఖరి తేదీ నాడు ఆన్‌లైన్ దరఖాస్తు గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది చూడండి, దాని వెనక చాలాసార్లు ఇలాంటి కథే ఉంటుంది. ఆ రోజు తాళంచెవులు లెక్కపెట్టే మనిషే అడ్మిన్.

కోర్సులంటే అందరూ అమీర్‌పేట్ అంటారు. మేం అబిడ్స్, నాంపల్లి వైపు చేశాం. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రూము దొరికింది, అబిడ్స్‌కు నడిచిపోవచ్చు, బస్సు ఖర్చు లేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, యూనిక్స్ పుస్తకం అక్కడే తక్కువ ధరకు దొరికింది.

మొదట చేరిన చోటు పేరు రాయం. నలభై మందికి ఒక ప్రొజెక్టర్. సార్ క్లిక్ చేస్తుంటే మేం నోట్సులో రాసుకోవాలి. "ప్రాక్టికల్ ఎప్పుడు సార్?" అంటే "ముందు థియరీ కానీయండి" అనేవారు. నెల గడిచినా కీబోర్డు ముట్టలేదు. ఇంట్లో పత్తి అమ్మి పంపిన డబ్బు అది, వాపసు రాలేదు.

రెండో చోట ఏసీ లేదు. పాత కంప్యూటర్లు, కానీ మనిషికొకటి. అన్నింట్లో లినక్స్. మొదటి వారం డొమైన్ తయారు చేయడం, 7001 పోర్టు మీద అడ్మిన్ సర్వర్ లేపడం, దాని కింద రెండు మేనేజ్డ్ సర్వర్లు పెట్టి క్లస్టర్ కట్టడం. రెండో వారం నుంచి అసలు చదువు మొదలైంది. మేం చాయ్ తాగి వచ్చేలోపు సార్ మా సర్వర్లను ఏదో ఒకటి చేసి పెట్టేవారు. డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చేవారు. వేరే ప్రోగ్రాముతో పోర్టు ఆక్రమింపజేసేవారు. హీప్ మెమరీ తగ్గించేసేవారు. "ఏమైంది సార్?" అంటే ఒకటే జవాబు: "నన్నెందుకు అడుగుతవ్ తమ్మీ, లాగ్‌ను అడుగు."

ఒకరోజు నలుగురి సర్వర్లూ లేవలేదు. సెట్టింగులన్నీ గంటన్నర వెతికాం. లాగ్ చూద్దామంటే అందులో కొత్త లైనే పడట్లేదు. చివరికి తండా చెల్లె డిస్క్ చూసే కమాండ్ కొట్టింది. నూటికి నూరు శాతం నిండిపోయి ఉంది. పాత లాగ్ ఫైళ్లే డిస్క్‌ను తినేశాయి, కొత్త లైను రాయడానికి జాగా లేదు. ఇది ఏ స్లైడ్‌లో చూపించినా మాకు గుర్తుండేది కాదు. ఇప్పుడు ఏ సర్వర్ ఆగినా మా చేతులు ముందు డిస్క్ వైపే పోతాయి.

ఇంగ్లిష్ గురించి భయపడేవాళ్లకు ఒక మాట. మనకు ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, ఇంగ్లిష్ మూడోది. కానీ లాగ్‌లో ఉండే ఇంగ్లిష్ చాలా చిన్నది, మళ్లీ మళ్లీ అవే మాటలు. 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అంటే ఆ పోర్టులో ఇంకొకరు కూర్చున్నారు. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అంటే సాధారణంగా అవతల తలుపు తీసేవాళ్లు లేరు. 'అవుట్ ఆఫ్ మెమరీ' మీకే తెలుసు. వంద లైన్ల ఎర్రర్ వస్తే పైనుంచి చదువుతూ కూర్చోకండి. 'కాజ్డ్ బై' అని ఉన్న లైన్లలో ఆఖరిది వెతకండి, మూలం ఎక్కువగా అక్కడే ఉంటుంది. మాలో ఒకరు ఇంటర్వ్యూలో తడబడే ఇంగ్లిష్‌లోనే ఆ డిస్క్ సంగతి చెప్పారు. నిర్వచనాలు అడగడం ఆపి, దాని మీదే పదిహేను నిమిషాలు మాట్లాడారు.

కాబట్టి ఫీజు కట్టే ముందు ఇవి అడగండి. మాకు సొంతంగా మిషన్ ఇస్తారా? సర్వర్‌ను చెడగొట్టి బాగుచేయనిస్తారా? క్లాసు అయ్యాక సాయంత్రం కూర్చోనిస్తారా? రెండు రోజులు డెమో చూడనిస్తారా? "ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ మేమే ఇప్పిస్తాం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. దొంగ సర్టిఫికెట్‌తో వచ్చిన ఉద్యోగం వెరిఫికేషన్‌లో పోతుంది, పేరు కూడా పోతుంది. రాత్రి షిఫ్టులు ఈ పనిలో మామూలే. చెల్లెళ్లు చేరే ముందు క్యాబ్ సంగతి తేల్చుకోండి.

డబ్బు లేనివాళ్లు ఆగిపోనక్కర్లేదు. టామ్‌క్యాట్, వైల్డ్‌ఫ్లై ఉచితం. ఒరాకిల్‌వారి వెబ్‌లాజిక్‌ను కూడా నేర్చుకునేందుకు డబ్బు కట్టకుండా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్‌లో టామ్‌క్యాట్ హాయిగా నడుస్తుంది. ఒకటి నేర్చుకుంటే ఐబీఎం వెబ్‌స్ఫియర్‌లో బటన్లు మారతాయి తప్ప థ్రెడ్లు, కనెక్షన్లు, లాగ్‌లు అవే. ఇప్పుడు చాలా ఉద్యోగ ప్రకటనల్లో డాకర్, కుబర్నెటీస్ కూడా అడుగుతున్నారు, వాటికీ ఈ పునాదే కావాలి.

హాస్టల్లో ఇద్దరు కలిసినా చాలు. ఒకరు చెడగొట్టండి, ఇంకొకరు బాగుచేయండి, మర్నాడు వంతు మార్చుకోండి. మొదలుపెట్టడానికి తోడు కావాలంటే ఆదివారాలు మేం నాంపల్లి రూములోనే ఉంటాం. ల్యాప్‌టాప్ లేకపోయినా రండి, మాది ఉంది.