మరనెల్లోలో చూసిన స్టీరింగు - అమ్మో, ఎన్ని మీటలో!

ఇటలీ అనగానే మనకి రోము, వెనిస్, పీసాలో ఒరిగిన గోపురం గుర్తొస్తాయి. టూరు బస్సులవాళ్ళు కూడా అవి చూపించి తీసుకొచ్చేస్తారు. మా చెల్లెలి కొడుకు మొడెనా అనే ఊళ్ళో ఇంజనీరింగు పైచదువు చదువుతుండడంతో మేం ముందుగా వాడి దగ్గరికి వెళ్ళాం. "పెద్దమ్మా, మీకో ఊరు చూపిస్తాను. జనం తీర్థానికొచ్చినట్టు వస్తారక్కడికి" అంటూ వాడు తీసుకెళ్ళిన ఊరే మరనెల్లో.

మొడెనాకి సుమారు 18 కిలోమీటర్ల దూరం. చూడ్డానికి చిన్న ఊరే, కానీ ఎటు తిరిగినా ఎరుపే! ఫెరారీ కార్లు తయారయ్యేది ఇక్కడే మరి. 1898లో మొడెనాలో పుట్టిన ఎంజో ఫెరారీ తన పేరుతో మొదటి కారుని 1947లో ఇక్కణ్ణించే బయటికి తెచ్చాడు. ఫార్ములా వన్ పందెంలో ఫెరారీ గెలిస్తే ఊరి చర్చిలో గంటలు మోగిస్తారట!

పందెం కార్లతో మనకేం పని అంటారా? 2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ కరెంటు కార్ల పందెం జరిగినప్పుడు టీవీలో మీరూ చూసే ఉంటారు. రయ్యిమని పోయే కారు కనిపిస్తుందేగానీ, లోపల మనిషి చేతులు ఏం చేస్తున్నాయో కనపడదు. అది నాకు ఇక్కడి ఫెరారీ మ్యూజియంలోనే తెలిసింది.

ఒకప్పుడు ఉత్త చక్రమే

పాత పందెం కారులో తొంగి చూస్తే స్టీరింగు పెద్దగా, గుండ్రంగా, సన్నటి అంచుతో ఉంటుంది. దానిమీద ఒక్క మీట కూడా లేదు. గేరు మార్చాలంటే పక్కనున్న కర్ర పట్టుకోవాలి, కాలితో క్లచ్ తొక్కాలి. అంటే గేరు మార్చిన ప్రతిసారీ ఒక చెయ్యి చక్రాన్ని వదలాల్సిందే. పొయ్యి మీది పెద్ద గిన్నెని ఒంటిచేత్తో దించడం ఎంత ప్రమాదమో మనకి తెలుసు కదా! అలాంటిది అంత వేగంలో, మలుపులో, ఒంటిచేత్తో కారు తిప్పాలి. అదీ ఒక్కసారి కాదు, పందెం మొత్తం మీద వందల సార్లు.

ఆ బాధ తప్పించినవాడు జాన్ బర్నార్డ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. ఫెరారీవారి 1989 కారుకి ఆయన స్టీరింగు వెనకాల రెండు చిన్న రెక్కలు పెట్టాడు. వేళ్ళతో కుడి రెక్క లాగితే గేరు పెరుగుతుంది, ఎడమది లాగితే తగ్గుతుంది. చెయ్యి చక్రాన్ని వదలక్కర్లేదు! కానీ పరీక్షల్లో ఆ కారు మాటిమాటికీ మొరాయించేది. 1989 మార్చి 26న బ్రెజిల్‌లో మొదటి పందెం. అది చివరిదాకా నడుస్తుందని ఎవరికీ నమ్మకం లేదు. మధ్యలో స్టీరింగే వదులైతే ఆగి, కొత్తది బిగించుకుని మరీ వెళ్ళాడు డ్రైవరు నైజెల్ మాన్సెల్. చివరికి పందెం గెలిచేశాడు! ఆ తర్వాత కొన్నేళ్ళలోనే మిగతావాళ్ళూ అదే దారి పట్టారు.

ఇప్పుడది చక్రం కాదు, పలక

ఇప్పటి కారులో స్టీరింగు గుండ్రంగానే ఉండదు. పైనా కిందా కోసేసి, రెండు పక్కలా పట్టుకునేందుకు పిడులున్న పలకలా ఉంటుంది. కార్బన్ ఫైబరుతో చేస్తారు, అందుకే తేలిక. మధ్యలో చిన్న తెర, దానిపైన వరసగా రంగు దీపాలు. అవి వెలిగే వరసని బట్టి గేరు ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. ఇక మీటలు, తిప్పే బొత్తాలు లెక్కపెడితే ఇరవై దాటాయి!

మా వాడు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఇది నొక్కితే జట్టువాళ్ళతో రేడియోలో మాట్లాడొచ్చు. ఇది నొక్కితే గొట్టంలోంచి నోట్లోకి నీళ్ళొస్తాయి. ఇది టైర్లు మార్చుకునే చోటికి వెళ్ళేటప్పుడు వేగం పరిమితి, సాధారణంగా గంటకి 80 కిలోమీటర్లు, దాటకుండా పట్టి ఉంచుతుంది. ఇది తిప్పితే బ్రేకు బలం ముందు చక్రాలకి ఎంత, వెనక చక్రాలకి ఎంత అనేది మారుతుంది. దాన్ని మలుపు మలుపుకీ సవరించుకునేవాళ్ళున్నారు. కాలి కింద ఉండే క్లచ్ కూడా స్టీరింగు వెనక్కి, వేళ్ళ దగ్గరికి వచ్చేసింది.

ఇంకో వింత. స్టీరింగు ఊడదీస్తేగానీ డ్రైవరు కారులోకి దిగలేడు, బయటికి రాలేడు. ప్రమాదమైతే ఏడు సెకన్లలో బయటపడగలగాలని నియమం. బయటికొచ్చాక మళ్ళీ స్టీరింగుని దాని చోట తగిలించాలి. లేకపోతే ఆ కారుని పక్కకి తోసేవాళ్ళకి చక్రాలు తిరగవు కదా!

మరి కంప్యూటరు చెయ్యదా?

నేనూ అదే అడిగాను. ఇన్ని తెలివితేటలున్నవాళ్ళు ఈ పనులన్నీ కంప్యూటరుకే అప్పజెప్పొచ్చు కదా అని. "అప్పజెప్పారు పెద్దమ్మా, వద్దన్నారు" అన్నాడు. 1990ల మొదట్లో చక్రాలు జారకుండా చూడ్డం, కారు ఎత్తు సవరించడం లాంటివన్నీ కంప్యూటర్లే చేసేవి. నడిపేది మనిషా, మిషనా అన్న గొడవొచ్చి 1994లో వాటిని నిషేధించారు. చక్రాలు జారకుండా చూసే ఏర్పాటుని 2001లో మళ్ళీ రానిచ్చి, 2008 నుంచి తీసేశారు. కారులో ఏ భాగం ఎంత వేడెక్కిందో ఇంజనీర్లకి బయట తెరమీద కనిపిస్తూనే ఉంటుంది. కానీ అక్కణ్ణించి వాళ్ళు ఏదీ మార్చకూడదు. రేడియోలో చెప్పాలి, మార్చుకోవాల్సింది డ్రైవరే.

2016లో అయితే చాలా సంగతులు చెప్పడం కూడా కుదరదన్నారు. ఆ ఏడాది బాకూ నగరంలో జరిగిన పందెంలో లూయిస్ హామిల్టన్ కారులో ఏదో అమరిక తప్పింది. ఏ మీట తిప్పాలో బయటివాళ్ళకి తెలుసు. కానీ చెప్పకూడదు! ఒకపక్క కారు నడుపుతూనే పాపం ఆయనే వెతుక్కున్నాడు. ఆ నియమాన్ని అదే ఏడాది జులైలో సడలించారు.

అదే బాకూలో 2021లో ఇంకా విచిత్రం జరిగింది. చివర రెండు చుట్లుండగా పందెం మళ్ళీ మొదలైంది. హామిల్టన్ రెండో స్థానంలో ఉన్నాడు. పక్క కారుని తప్పుకునే హడావిడిలో బ్రేకు మీట ఒకటి చేతికి తగిలింది. అంతే! బ్రేకు బలమంతా ముందు చక్రాలకే వెళ్ళిపోయి, కారు మలుపు తిరక్కుండా తిన్నగా పోయింది. అప్పటికే ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి 15వ వాడిగా ముగించాడు.

కాళ్ళ పని చేతులకి

ఇవన్నీ సరదాగా విన్నాను గానీ, నా మనసులో నిలిచిపోయింది మాత్రం మరో ఇద్దరి కథ. మొడెనా పక్కనే ఉన్న బొలోనాలో పుట్టినవాడు అలెక్స్ జనార్డి. 2001 సెప్టెంబరులో జర్మనీలో పందెంలో ప్రమాదమై రెండు కాళ్ళూ పోయాయి. 2003లో అదే చోటికి తిరిగొచ్చి, చేత్తో నడిపేలా మార్చిన కారులో ఆనాడు మిగిలిపోయిన 13 చుట్లూ పూర్తిచేశాడు! 2005లో జర్మనీలోనే ఒక పందెం గెలిచాడు కూడా.

రెండోవాడు పోలెండుకి చెందిన రాబర్ట్ కుబిత్సా. 2011లో ప్రమాదంలో కుడి చెయ్యి బాగా దెబ్బతింది. 2019లో మళ్ళీ ఫార్ములా వన్‌లోకి వచ్చినప్పుడు, గేర్లు పెంచడం, తగ్గించడం రెండూ ఒకే చేత్తో అయ్యేలా అతని జట్టువాళ్ళు స్టీరింగు మార్చి ఇచ్చారు. 2025లో ఫ్రాన్సులో 24 గంటల లె మాన్ పందెం ఇంకో ఇద్దరితో కలిసి గెలిచాడు. నడిపింది ఫెరారీ కారే!

మా ఆడపడుచుకి చిన్నప్పుడే పోలియో వచ్చి కాలు సన్నబడింది. కారు నడపాలని ఎప్పట్నించో కోరిక. మనవాళ్ళు "నీకెందుకమ్మా" అంటూనే ఉన్నారు. ఆ రాత్రి ఫోన్లో ఈ కథ చెప్తే మిగతావేవీ పట్టించుకోలేదు. "బ్రేకు కూడా చేత్తోనేనా వదినా?" అని రెండుసార్లు అడిగింది. మన దగ్గర కూడా బ్రేకు, యాక్సిలరేటరు చేత్తో నడిపేలా మామూలు కార్లకి మార్పులు చేసేవాళ్ళున్నారు. రవాణా శాఖ అనుమతి, తగిన లైసెన్సు ఉండాలి. మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే "నీకెందుకు" అనేముందు ఒకసారి కనుక్కోండి.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

రైల్లో మొడెనా చేరుకుంటే మరనెల్లోకి బస్సులున్నాయి. మ్యూజియంలో పెట్టే కార్లు అప్పుడప్పుడూ మారుస్తుంటారు. పందెం కారు నడుపుతున్నట్టు అనిపించే యంత్రం కూడా ఉంది, దానికి టిక్కెట్టు వేరు. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోండి. ఆ ప్రాంతపు టోర్టెల్లీనిలో మాంసం పెడతారు. పాలకూర, రికోటా జున్ను పెట్టిన టోర్టెల్లోని అడిగితే సరిపోతుంది. మొడెనాలో ద్రాక్షరసం కాచి కనీసం పన్నెండేళ్ళు చెక్కపీపాల్లో ఊరబెట్టి చేసే బాల్సమిక్ వినెగరు దొరుకుతుంది. ఖరీదెక్కువే, కానీ చిన్న సీసా చాలు. కూరలో రెండు చుక్కలేస్తే మన పాత చింతపండు పులుసు గుర్తొస్తుంది!