గంటన్నర ప్రయాణం

1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధాని నుండి విడిపోయి ఒరిస్సాలో చేరినపుడు మన పెద్దలు బరంపురం విడువలేదు. ఇప్పుడు పిల్లలు విడుస్తున్నారు. ఏ ఇంట చూచినా కొడుకో కూతురో హైదరాబాదులో ఉద్యోగం. "విమానమెక్కితే గంటన్నర" అని మనవాళ్లు ధీమాగా చెప్పుకుంటారు. మేము గుమాస్తా పని చేసేవాళ్లము. లెక్క కనబడితే కూడి చూడకుండా ఉండలేము.

భువనేశ్వరం నుండి శంషాబాదుకు ఆకాశమార్గాన సుమారు 850 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్లు పోయే విమానానికి గంట పైన కొద్ది నిమిషాలు చాలు. రన్‌వే చేరడానికి, లేవడానికి, దిగడానికి మరో అరగంట. అదీ గంటన్నర.

మరి మనమున్నది భువనేశ్వరంలో కాదు గదా! అక్కడికి రోడ్డు మీద 170 కిలోమీటర్లు, అదీ హైదరాబాదుకు వీపు పెట్టి. మూడున్నర గంటలు. విమానానికి రెండు గంటల ముందు హాజరు. విచిత్రమేమంటే, పటం మీద భువనేశ్వరం నుండి శంషాబాదుకు గీత గీస్తే అది భంజనగర్, ఆస్కాల నడుమగా మన గంజాం జిల్లా మీదనే పోతుంది. చీకటితో ఇల్లు విడిచినవాడు ఎండెక్కాక మళ్లీ మన జిల్లా మీదుగానే పోవాలన్నమాట! రంగేయిలుండాలో రన్‌వే ఉన్నది గాని అది చిన్న విమానాలకే సరి. అక్కడ దిగి సామాను పుచ్చుకొని ఊళ్లోకి చేరడానికి మరో రెండు గంటలు. (2008 మార్చి వరకు ఊరి నడుమ బేగంపేటలోనే దిగేవారు.) మొత్తం తొమ్మిది గంటలు.

కిందటి కార్తికంలో మా వీధిలో ఒక పెద్దాయన తెల్లవారుజామున కాలం చేశారు. ఒక్కడే కొడుకు, హైదరాబాదులో. "బాబు ఎప్పటికి వస్తాడు?" అని ఆయన భార్య అడిగితే, "గంటన్నరే గదా పిన్నిగారూ" అని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకొని ఆవిడ ఎనిమిది గంటల నుండి వీధివాకిలి కదలలేదు. కుర్రవాడికి దొరికినది పదకొండు గంటల విమానం. ప్రొద్దు గుంకేలోపల కానివ్వాలని పురోహితులు తొందరపెడుతున్నారు. నాలుగున్నరకు టాక్సీ వచ్చి ఆగింది. సాయంత్రమవుతుందని ముందే చెప్పి ఉంటే ఆ తల్లి లోపల కాసేపు నడుమైనా వాల్చి ఉండును.

విశాఖ మీదుగా పోయేవారూ ఉన్నారు. రైలులో 277 కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు. అక్కడి నుండి గాలిలో 510. ఎటు పోయినా గంటలు ఇంచుమించు అవే. 2023 మేలో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం మనకు ఇంకా దగ్గర. ఆ దారిని పోయేవారు విజయనగరంలోనే రైలు దిగవచ్చు.

తొందర లేనప్పుడు మాత్రం రైలే మేలని మా పక్షం. పదిహేడు గంటలకు అటూ ఇటూ పడుతుంది, నిజమే. అయితే మన బరంపురం అప్పడాల డబ్బాను, ఆవకాయ జాడీని అక్కడ ఎవరూ తూకం వేయరు.