నీళ్ళు తాగని ఇటుక

మా ప్రహరీ గోడకు రెండేళ్ళు నిండకుండానే ప్లాస్టరింగ్ పెచ్చులు పెచ్చులుగా ఊడింది. లోపలి బూడిద ఇటుకను తాళంచెవితో గీస్తే పొడి రాలింది. "బూడిదతో గోడేమిటండీ, నేను ముందే చెప్పాను కదా" అన్నాడు మేస్త్రి. ముందేమీ చెప్పలేదు. ఒక సగం ముక్క సంచిలో వేసుకుని పరవాడ బయల్దేరాను.

లంకెలపాలెం జంక్షన్ నుంచి ఆ దారి పడితే సింహాద్రి పొగగొట్టాలు కనబడతాయి. రెండు వేల మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం. మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి, బూడిదే. అందులో ఎక్కువ భాగం కొలిమి అడుగున పడకుండా పొగతోపాటు పైకి లేస్తుంది. గొట్టం దాకా పోనివ్వకుండా మధ్యలోనే కరెంటు పలకలతో లాగి పట్టుకుంటారు. చేతిలోకి తీసుకుంటే ముఖానికి రాసుకునే పౌడరే. గాలి వీస్తే మాత్రం కళ్ళు తెరవలేం.

నేను వెళ్ళిన చోట ఒక రేకుల షెడ్డు, ఒక పాన్ మిక్సరు, ఒక ప్రెస్సు ఉన్నాయి. మిగతాదంతా ఆరుబయలు. యజమాని ఒకప్పుడు మట్టి ఇటుకల బట్టీ నడిపినవాడే. 1999లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు బట్టీలు మట్టిలో కనీసం 25 శాతం బూడిద కలపాలని. "కలపమంటే ముందు తిట్టుకున్నానండి. తరవాత మట్టే మానేశాను" అన్నాడు.

షెడ్డు పక్కన మూడు కుప్పలు. బూడిద సింహాద్రిది. తెల్లటి మడ్డి సున్నం, ఎసిటిలీన్ గ్యాసు తీసే చోట మిగిలింది. ఇంకోటి జిప్సం, ఎరువుల ఫ్యాక్టరీలో ఫాస్ఫారిక్ యాసిడ్ తీశాక మిగిలింది. మూడిళ్ళ వాళ్ళు వీధిలో పారబోసుకున్నదే ఇక్కడ సరుకు. ఈ మూడింటినీ జత కలిపి, ఇంగ్లీషు పేర్లలోని అక్షరాలతో 'ఫాల్-జి' అని పేరు పెట్టింది విశాఖలోని ఇన్‌స్వారెబ్ సంస్థకు చెందిన భానుమతీదాస్, కాళిదాస్‌లు. ఊళ్ళో చాలామందికి ఆ సంగతి తెలియదు. ఇందులో నిప్పు పని లేదు. బట్టీ కాల్చే బొగ్గు మిగులుతుంది గనకే ఈ ఇటుకలకు ప్రపంచ బ్యాంకు నిధి ద్వారా కార్బన్ క్రెడిట్ల సొమ్ము కూడా వచ్చింది.

మరి నిప్పు చేసే పని ఎవరు చేస్తారు? నీళ్ళు. తడిలో సున్నం బూడిదలోని సిలికాను పట్టుకుని నెమ్మదిగా రాయి కడుతుంది. తొలి రోజుల్లో జిప్సం కాస్త ఊతమిస్తుంది. ప్రెస్సు ఒక్కో దెబ్బకు ఎనిమిది ఇటుకలు దించుతోంది. అప్పుడే దిగినదాన్ని వేలితో నొక్కాను, సొట్ట పడింది. యజమాని నా వేలి వంక చూసి ఊరుకున్నాడు.

గోనెపట్టాలు కప్పిన వరసల మధ్య ఒకావిడ పైపు పట్టుకుని తిరుగుతోంది. ఎన్నాళ్ళమ్మా ఇలా తడపడం అంటే, "ఇరవై ఒక్క రోజులు బాబూ. బాలింతకైనా పదకొండు రోజులే పురుడు" అని నవ్వింది.

సంచిలోని ముక్క తీసిచ్చాను. యజమాని దాన్ని గట్టు మీద కొట్టి విరిచాడు. విరిగిన ముఖం మీద అక్కడక్కడా తెల్లటి పలుకులు, పెసరబద్దంత. గోరుతో ఒకటి పెకలించి నా అరచేతిలో పెట్టాడు.

"ఉడకని సున్నమండి. సరిగా కలవనేదు. గోడలో చేరాక తడి తగిలి ఉబ్బుతాది, పైనున్న ప్లాస్టరింగుని తోసేస్తాది. ఇంకోటి, దీనికి నీళ్ళు కూడా సాలనేదు."

వెనక వరసలోంచి రెండు ఇటుకలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాడు. కంచు మోగినట్టు మోగాయి. వారం రోజులవి కొట్టాడు, తలుపు తట్టినట్టుంది, అంతే.

"ఏడో రోజుకే లారీ తెచ్చేత్తారండి. ఇయ్యనంటే పక్కోడి దగ్గరికెల్తారు. బేంకు వాయిదా నాకూ ఉంది కదా. ఒకోసారి ఇచ్చేత్తాను, అబద్ధమెందుకు."

ఆ మాట దాచకుండా చెప్పినందుకే ఆయన ఇటుక కొనాలనిపించింది. వెయ్యి కావాలన్నాను. ఎప్పటికి అని అడిగాడు. ఎల్లుండికి అనబోయి ఆగాను. ఆయన వరసల మీద సుద్దతో రాసిన తారీకులు చూసుకుంటూ నడిచాడు. ఇరవై ఒకటి దాటినవన్నీ ఎవరో అడ్వాన్సు ఇచ్చినవే. మిగిలినవాటిలో ముదురువి పదో రోజువి.

ఈలోగా మేస్త్రి ఫోను. "సార్, రేపు పనివాళ్ళని పెట్టేయమంటారా?"

"ఇంకో పదకొండు రోజులు" అన్నాను.

అవతల ఫోను పెట్టేశాడు.